చేతి అయస్కాంతంతో నీళ్లలోని ఆర్సెనిక్ తీయొచ్చా? 12 నానోమీటర్ల మాగ్నెటైట్, నల్లగొండ ఫ్లోరైడ్

మీరు అడిగింది ఇదీ: "వరంగల్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడు చదువుతున్నాను. అమెరికాలో రైస్ యూనివర్సిటీ రీసెర్చ్ గ్రూపు ఒకటి తుప్పు లాంటి నానో కణాలతో నీళ్లలోని ఆర్సెనిక్‌ను మామూలు అయస్కాంతంతో లాగేసిందని చదివాను. నిజమేనా? నిజమైతే ఇన్నేళ్లయినా ఊళ్లలో ఎందుకు కనపడదు? మా అమ్మమ్మ వాళ్లది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. ఇదే పద్ధతిని ఫ్లోరైడ్‌కు వాడి ప్రాజెక్టు చేయొచ్చా?"

నేను పదహారేళ్లుగా అయస్కాంత నానో కణాలు తయారు చేసే ల్యాబుల్లోనే పని చేస్తున్నాను. అందులో ఆరేళ్లు పూర్తిగా నీళ్ల మీదే. మీ మూడో ప్రశ్నకు జవాబు మొదటి దాంట్లోనే ఉంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

వార్త నిజమే. 2006 నవంబరు 10న సైన్స్ పత్రికలో వచ్చింది. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో విక్కీ కాల్విన్ గ్రూపు పని అది, పేపర్లో మొదటి పేరు జాఫర్ యావుజ్‌ది. 1985లో 60 కార్బన్ పరమాణువుల బంతిని కనిపెట్టింది కూడా ఆ యూనివర్సిటీలోనే. దానికి 1996లో నోబెల్ వచ్చింది. అందువల్ల అక్కడ నానో పని అంటే ఆషామాషీగా జరిగేది కాదు. కాకపోతే వార్తల్లో అందరూ "తుప్పుతో విషం తీసేశారు" అనే మాటనే పట్టుకున్నారు. ఇనుప ఆక్సైడ్లు ఆర్సెనిక్‌ను పట్టుకుంటాయని అప్పటికే చాలా ఏళ్లుగా తెలుసు. ఆ పేపర్లో కొత్త సంగతి వేరే ఉంది, నన్ను ఈ రంగంలో ఇన్నాళ్లు కూర్చోబెట్టింది కూడా అదే.

మాగ్నెటైట్ అంటే నల్లటి ఇనుప ఆక్సైడ్. నది ఒడ్డున ఇసుకలో అయస్కాంతం తిప్పితే అంటుకునే నల్ల రేణువుల్లో ఎక్కువ భాగం అదే. దాన్ని 12 నానోమీటర్ల కణాలుగా చేస్తే రెండు మార్పులు వస్తాయి. ఒకటి, ఉపరితలం విపరీతంగా పెరుగుతుంది. లెక్క మీరే వేసుకోవచ్చు: మాగ్నెటైట్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 5.2 గ్రాములు, కణం గుండ్రంగా ఉందనుకోండి, ఆరును సాంద్రతతోనూ వ్యాసంతోనూ భాగించాలి. గ్రాముకు దాదాపు 96 చదరపు మీటర్లు వస్తుంది. అదే 300 నానోమీటర్ల పొడి అయితే గ్రాముకు నాలుగు చదరపు మీటర్లు కూడా రాదు. ఒక్క గ్రాములో ఉండే 12 నానోమీటర్ల కణాల సంఖ్య 2 పక్కన 17 సున్నాలు. ఆర్సెనిక్ అంటుకునేది పైపొరకే కాబట్టి ఈ తేడా నేరుగా ఫలితంలో కనపడుతుంది. ఆ పేపర్లోనే 12 నానోమీటర్ల కణాలు 98 శాతం పైన ఆర్సెనిక్‌ను తీస్తే, అంతే బరువున్న 300 నానోమీటర్ల పొడి పావు వంతుకు అటూ ఇటూ మాత్రమే తీసింది.

రెండో మార్పు, ఇంత చిన్న కణం తన అయస్కాంతత్వాన్ని ఒక దిక్కున నిలుపుకోలేదు. గది వేడికే దాని ఉత్తర దక్షిణాలు క్షణంలో ఎన్నోసార్లు తారుమారవుతుంటాయి. పక్కన అయస్కాంతం ఉంటే అటు తిరుగుతుంది, తీసేస్తే మామూలు పొడి అయిపోతుంది. దీన్నే సూపర్ పారా అయస్కాంతత్వం అంటారు. నీళ్ల పనికి ఈ గుణం వరం. కణాలు వాటంతట అవి ముద్ద కట్టకుండా నీళ్లంతా పరుచుకుంటాయి, పిలిచినప్పుడు మాత్రం వస్తాయి.

పిలిస్తే రావాలి కదా, అసలు చిక్కు అక్కడే. ఒక్క కణం మీద చేతి అయస్కాంతం లాగే బలం ఎంతో లెక్క కట్టి చూడండి. దూరంతో పాటు అయస్కాంత క్షేత్ర బలం మారే వేగం మీటరుకు 100 టెస్లా అనుకుందాం (టెస్లా అంటే ఆ బలానికి కొలమానం). మంచి నియోడిమియం అయస్కాంతం ఉపరితలానికి బాగా దగ్గరగా ఉంటేనే అంతలో ఉంటుంది. ఆ బలం ఒక కణాన్ని దాని వెడల్పంత దూరం జరపడానికి చేసే పని, గది ఉష్ణోగ్రతలో నీటి అణువుల కుదుపు శక్తిలో దాదాపు 8 వేలో వంతు. వరద గోదారిలో కొట్టుకుపోతున్న పడవను కుట్టు దారం కట్టి లాగినట్టు. అందుకే 2006కి ముందు ఈ సైజు కణాలను నీళ్లలోంచి తీయాలంటే పెద్ద విద్యుదయస్కాంతం, మధ్యలో సన్నటి స్టీలు తీగల పీచు కుక్కిన గొట్టం కావాలనే అందరూ అనుకునేవాళ్లు. తెల్ల సుద్దమట్టిని శుభ్రం చేసే ఫ్యాక్టరీల్లో అలాంటి యంత్రాలు ఉంటాయి. పల్లెలో బోరింగు పక్కన పెట్టే వస్తువు కాదది.

రైస్ వాళ్లు చూసింది ఏమిటంటే, ఆ లెక్క ప్రకారం రాకూడని కణాలు వచ్చేశాయి. మీటరుకు 100 టెస్లా కంటే తక్కువ ఉన్నచోటే వచ్చాయి. కారణం, అవి ఒంటరిగా రాలేదు. బయటి క్షేత్రం తగలగానే ప్రతి కణమూ చిన్న అయస్కాంతమై పక్కదాన్ని పట్టుకుంది. కణం అంచు దగ్గర క్షేత్రం మారే వేగం బయటి అయస్కాంతం ఇచ్చేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అలా గుంపు కట్టి, గుంపుగా ఒరుసుకుంటూ వచ్చాయి. అయస్కాంతం తీయగానే గుంపు విడిపోయి మళ్లీ నీళ్లలో కలిసిపోయాయి.

ఈ గుంపు కట్టే గుణం సైజు మీద ఎంత ఆధారపడుతుందో కూడా కాగితం మీద చూడొచ్చు. తాకుతున్న రెండు 12 నానోమీటర్ల కణాలు ఒకదాన్నొకటి పట్టుకునే శక్తి, నీటి కుదుపు శక్తికి ఐదు రెట్లు ఉంటుంది. అదే 4 నానోమీటర్లయితే ఐదో వంతే. వ్యాసం మూడో వంతైతే పట్టు 27 రెట్లు తగ్గుతుంది. మొదటివి చేతులు పట్టుకుని నిలబడతాయి, రెండోవి పట్టుకోకముందే విడిపోతాయి. నేను వేసింది పైపై లెక్కే. తయారీలో కణం మీద అంటుకునే కొవ్వు పొర ఉంటే అంకెలు తగ్గుతాయి. కానీ 4, 12 నానోమీటర్ల కణాలు కలిపిన ద్రవంలోంచి తక్కువ క్షేత్రంతో పెద్దవాటిని, ఎక్కువ క్షేత్రంతో చిన్నవాటిని విడివిడిగా లాగి చూపించారు వాళ్లు. నా దృష్టిలో ఆ పేపర్లో అన్నిటికన్నా అందమైన ప్రయోగం అదే.

నేను దీన్ని మొదటిసారి కళ్లారా చూసిన రాత్రి ఇంకా గుర్తుంది. చిన్న గాజు సీసాలో కాఫీ డికాక్షన్ రంగు ద్రవం, ఆరోజు పొద్దున చేసిన బ్యాచ్. పక్కన నాణెమంత అయస్కాంతం ఆనించి కూర్చున్నాను. రెండు నిమిషాలదాకా ఏమీ లేదు. తర్వాత సీసాకు అవతలి అంచున రంగు పల్చబడటం మొదలైంది, పొగమంచు విడిపోతున్నట్టు. పావుగంటలో ద్రవం టీ రంగు, అక్కణ్నుంచి లేత పసుపు. అయస్కాంతం ఆనించిన చోట గాజుకు అవతల నల్లటి కాటుక చుక్క. అయస్కాంతం తీసి సీసాను ఒక్కసారి ఊపితే మళ్లీ డికాక్షన్ రంగు. అదే రోజు ఇంకో సీసాలో, కణాల సైజు ఒకేలా రాని బ్యాచ్ పెట్టాను. అందులో సగం వచ్చింది, మిగతా సగం తెల్లవార్లూ నీళ్లలోనే ఉండిపోయింది. ఒకే సైజులో రావాలి అని మా రంగంలో అంతలా ఎందుకు పట్టుబడతారో ఆ రెండు సీసాలూ పక్కపక్కన చూశాక అర్థమైంది.

సైజు ఒకేలా రావడానికి వాళ్లు వాడింది వేడి పద్ధతి. ఇనుప ఆక్సీహైడ్రాక్సైడును ఒలీక్ యాసిడ్‌తో కలిపి, ఎక్కువ వేడి తట్టుకునే ద్రావకంలో 320 డిగ్రీల దగ్గర కాస్తారు. ఒలీక్ యాసిడ్ అంటే ఆలివ్ నూనెలో ఎక్కువగా ఉండే కొవ్వు ఆమ్లం. తర్వాత 2010లో అదే గ్రూపు తుప్పు, వంట నూనెలతోనూ కణాలు చేయొచ్చని చూపింది. "వంటింట్లో నానో" అని వార్తలొచ్చింది అప్పుడే. దయచేసి ఇంట్లో చేయకండి. ఆ వేడికి నూనె పొగలు ఊపిరితిత్తుల్ని పాడు చేస్తాయి, మంటలూ లేస్తాయి. ఫ్యూమ్ హుడ్ (పొగలను బయటికి లాగేసే ల్యాబు అర) లేని చోట 320 డిగ్రీల మాట ఎత్తొద్దు.

ఇక్కడిదాకా వచ్చాక ఒక సంగతి మనసులో పెట్టుకోండి, మీ మిగతా రెండు ప్రశ్నలకూ అదే తాళంచెవి. అయస్కాంతం గరిటెకు పిడి లాంటిది. కూరను పట్టేది గరిటె గుంట, పిడి కాదు. నీళ్లలోని విషాన్ని పట్టేది కణం పైపొర రసాయనం. అయస్కాంతం చేసేది ఆ కణాన్ని బయటికి తేవడం మాత్రమే. ఆర్సెనిక్ విషయంలో పిడీ గుంటా రెండూ ఒకే పదార్థంలో దొరికాయి. మాగ్నెటైట్ అయస్కాంతానికి లొంగుతుంది, ఇనుప ఆక్సైడ్ కాబట్టి ఆర్సెనిక్‌ను రసాయన బంధంతో పట్టుకుంటుంది. అలాంటి అదృష్టం ప్రతి విషానికీ ఉండదు.

మరి ఊళ్లలో ఎందుకు లేదు? బెంగాల్, బంగ్లాదేశ్ డెల్టాలో లోతులేని బోర్లలో ఆర్సెనిక్ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. అక్కడ వందల్లో ఉన్న బోర్లు బోలెడు. ఏళ్ల తరబడి తాగినవాళ్ల అరచేతులు, అరికాళ్లు గరుకు పొక్కులతో గట్టిపడిపోతాయి. క్యాన్సర్లూ వస్తాయి. ఆ అవసరం చూస్తే ఇలాంటి పద్ధతి పరుగెత్తుకుంటూ వెళ్లాలి అనిపిస్తుంది. వెళ్లకపోవడానికి కారణాలు నేను చేతులు పెట్టి తెలుసుకున్నవే చెబుతాను.

మొదటిది నీళ్లే. ల్యాబులో స్వచ్ఛమైన నీళ్లలో ఆర్సెనిక్ కలిపి పరీక్షిస్తే ఏ ఇనుప ఆక్సైడైనా బాగా పని చేస్తుంది. నిజమైన బోరు నీళ్లలో ఫాస్ఫేటు, సిలికా ఉంటాయి. ఫాస్ఫేటు రూపంలోనూ ఛార్జిలోనూ ఆర్సెనేట్‌కు, అంటే ఆక్సిజన్‌తో కలిసి రుణ ఛార్జితో ఉండే ఆర్సెనిక్ రూపానికి, కవల సోదరుడు. ఆర్సెనిక్ కూర్చోవాల్సిన కుర్చీల్లో ముందే వచ్చి కూర్చుంటుంది. పైగా భూమి లోపల గాలి తగలని నీళ్లలో ఆర్సెనిక్ ఎక్కువగా ఆర్సెనైట్ రూపంలో ఉంటుంది. మామూలు పీహెచ్ దగ్గర దానికి ఛార్జి ఉండదు, పట్టుకోవడం చాలా పదార్థాలకు కష్టం. ఇనుప ఆక్సైడ్లు దాన్ని కూడా పట్టుకోవడం వాటి గొప్పతనం, కానీ ఎంత పట్టుకుంటాయన్నది నీటిని బట్టి మారిపోతుంది.

రెండోది కొలత. ఒకసారి పశ్చిమ బెంగాల్‌లోని నదియా జిల్లా నుంచి మాకు క్యాన్లలో బోరు నీళ్లు తెచ్చారు. పట్టినప్పుడు స్పటికంలా ఉన్నాయట. మూడో రోజు మా దగ్గర మూత తీస్తే అడుగున నారింజ రంగు మడ్డి. ఆ నీళ్లలో కరిగి ఉన్న ఇనుము దారిలో గాలి తగిలి తుప్పుగా మారి, ఆర్సెనిక్‌ను వెంటేసుకుని కింద కూర్చుంది. పైన తేటలో కొలిస్తే ఆర్సెనిక్ ముప్పావు వంతు మాయం. మా కణాలు ఇంకా వేయనే లేదు! వేసి కొలిచి ఉంటే ఎంత గొప్ప ఫలితం అని పేపర్లో రాసేసేవాళ్లమో. అప్పట్నుంచి శాంపిల్ పట్టిన చోటే నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేసి సగం, వేయకుండా సగం తెప్పించడం మొదలుపెట్టాం. దీనికి తిరగబడ్డ తప్పు ఇంకోటుంది. అయస్కాంతానికి రాని సన్నటి కణాలు కొన్ని నీళ్లలో ఉండిపోతాయి. 0.2 మైక్రాన్ల ఫిల్టరు వాటిని ఆపదు, ఆ రంధ్రం కణానికంటే పదహారు రెట్లు పెద్దది. ఆ నీళ్లను యాసిడ్ వేసి ఐసీపీ-ఎంఎస్ అనే, అతి తక్కువ మూలకాలను కూడా కొలిచే యంత్రంలో కొలిస్తే కణం కరిగి, పట్టుకున్న ఆర్సెనిక్‌ను మళ్లీ బయటపెడుతుంది. తాగేవాళ్ల కడుపులోని యాసిడ్ కూడా అదే పని చేయగలదు. అందుకే మిగిలిన నీళ్లలో ఇనుము కూడా కొలవని పేపరును నేను నమ్మను.

మూడోది ఇంటి సంగతి. రోజూ బిందెడు నీళ్లలో నల్ల పొడి వేసి, కలిపి, అరగంట ఆగి, అయస్కాంతం పెట్టి, పొడి మిగలకుండా వంచుకోవడం ఎవరు చేస్తారు? పొలానికి వెళ్లాల్సిన తల్లికి ఆ ఓపిక ఎక్కడిది? పొరపాటున వంచితే విషం పట్టిన పొడి గ్లాసులోకే వస్తుంది. ఈ విషయంలో నేను మొహమాటం లేకుండా చెబుతాను: ఇళ్లలో గెలిచినవి కదలని ఫిల్టర్లు. బంగ్లాదేశ్‌లో పుట్టి అమెరికాలో ప్రొఫెసరుగా ఉన్న అబుల్ హుస్సామ్ ఇనుప తురుము, ఇసుక, బొగ్గు, ఇటుక ముక్కలతో సోనో ఫిల్టర్ చేశారు. అయస్కాంతం లేదు, కరెంటు లేదు. 2007లో దానికి గ్రెయింజర్ బహుమతి, పది లక్షల డాలర్లు వచ్చాయి. మన దగ్గర ఐఐటీ మద్రాసులో టి. ప్రదీప్ గారి గ్రూపు కూడా నానో ఇనుప ఆక్సీహైడ్రాక్సైడునే వాడింది, కానీ కైటోసాన్ అనే రొయ్య పొట్టు పదార్థంలో బంధించి గుళికలుగా చేసింది. అమృత్ అనే పేరుతో ఆ పద్ధతి ఊళ్లలోకి వెళ్లింది. నానో ఉపరితలం ఉంటుంది, కణం మాత్రం చేజారి నీళ్లలో పడదు. నీళ్లు పైనుంచి పోస్తే కిందికి దిగుతాయి, అంతే. ఇంటికి అదే సరైన దారి అని నా అభిప్రాయం.

అలాగని రైస్ పని వృథా అని కాదు. కణాలను గుంపుగా తెచ్చే ఆ అవగాహన రక్తం నుంచి జీవకణాలను, డీఎన్ఏను వేరుచేసే పనులకు, ఎక్కువ నీటిని ఒకేచోట శుద్ధి చేసే ప్లాంట్లకు ఎంతో ముఖ్యం. పైగా చెత్త తగ్గుతుంది. పెద్ద రేణువులు వాడితే విషం పట్టిన మడ్డి కుప్పలు మిగులుతాయి. చిన్న కణాలతో అదే పనికి ఎన్నో రెట్లు తక్కువ బరువు చాలు. ఆ మడ్డి ఎక్కడ పెట్టాలనేది తేలని చోట ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు మీ అమ్మమ్మగారి ఊరి నీళ్లు. ఇక్కడ పిడి ఉంది, గుంట లేదు. మాగ్నెటైట్ పైపొరకు ఫ్లోరైడ్ మీద పెద్దగా మక్కువ లేదు. ఫ్లోరైడ్ ఇష్టపడేది అల్యూమినియాన్ని. 1970ల్లో నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించి మీ జిల్లా పేరే పెట్టిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం వాడింది అందుకే. పటికలోని అల్యూమినియం దూదిలా విచ్చుకుని ఫ్లోరైడ్‌ను పట్టుకుని కూర్చుంటుంది.

అంతకంటే పెద్ద ఇబ్బంది అంకెల్లో ఉంది, దీన్ని చాలామంది గైడ్లు కూడా పట్టించుకోరు. లీటరుకు 200 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉంటే అది చాలా చెడ్డ బోరు. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటే అదీ చెడ్డ బోరే. బరువులో చూస్తే తేడా 25 రెట్లు. కానీ కణం మీద కుర్చీలు బరువును బట్టి ఉండవు, ఎన్ని అయాన్లు వచ్చాయన్నదాన్ని బట్టి ఉంటాయి. ఆర్సెనిక్ పరమాణు భారం 75, ఫ్లోరిన్‌ది 19. మోల్స్‌లోకి మార్చి చూడండి: ఆ ఫ్లోరైడ్ బోరులో ప్రతి లీటరులోనూ పట్టుకోవాల్సిన అయాన్లు ఆర్సెనిక్ బోరు కంటే దాదాపు వంద రెట్లు. ఆర్సెనిక్‌కు చిటికెడు చాలిన చోట ఇక్కడ గుప్పెళ్లు కావాలి. ఇరవై లీటర్ల క్యానును 5 నుంచి 1 మిల్లీగ్రాముకు తేవాలంటే 80 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ తీయాలి. మీ పదార్థం నిజమైన నీళ్లలో గ్రాముకు 5 మిల్లీగ్రాములు పట్టుకుంటుందనుకున్నా ప్రతి క్యానుకూ 16 గ్రాములు పడుతుంది. అది కడిగి మళ్లీ వాడగలిగితేనే ఖర్చు కలిసొస్తుంది.

కాబట్టి ఊరికి తాగునీటి పరిష్కారంగా ఈ ప్రాజెక్టును ఊహించుకోకండి. మిషన్ భగీరథ పైపుల్లో నది నీళ్లు వస్తుంటే అమ్మమ్మగారు వంటకీ తాగడానికీ అవే వాడేలా చూడండి, బోరు నీళ్లు మిగతా పనులకు. శుద్ధి చేయడం కంటే మంచి నీళ్లు తెచ్చుకోవడమే మేలని నల్లగొండ అరవై డెబ్భై ఏళ్ల బాధలో నేర్చుకున్న పాఠం. ఇది చదివి నిరుత్సాహపడొద్దు. చదువు కోసం చేసే ప్రాజెక్టుగా ఇందులో బోలెడంత ఉంది.

నేనైతే ఇలా చేయిస్తాను. మీ కాలేజీలో నూనె పద్ధతి కుదరదు, సహ అవక్షేపణ చేయండి. ఫెర్రస్, ఫెర్రిక్ లవణాలు ఒకటికి రెండు మోల్ నిష్పత్తిలో నీళ్లలో కరిగించి, నైట్రోజన్ బుడగలు పంపుతూ, బాగా తిప్పుతూ అమ్మోనియా పోయాలి. ఒక్క క్షణంలో గోధుమరంగు ద్రవం సిరాలా నల్లబడుతుంది. ఎన్నిసార్లు చేసినా ఆ క్షణం నాకు ఇప్పటికీ ముచ్చటే. సైజులు 12 దగ్గర ఒకేలా రావు, కలగాపులగంగా వస్తాయి, దానికి సిద్ధపడండి. కడిగాక ఓవెన్‌లో ఆరబెట్టకండి. రెండు నష్టాలు: ఎండిన కణాలు ముద్ద కట్టి మళ్లీ విడిపోవు, వేడికి నలుపు పోయి గోధుమ ఎరుపు తిరుగుతుంది. అలా తిరిగిందంటే మాగ్నెటైట్ కాస్తా మాగ్హెమైట్ అనే మరో ఇనుప ఆక్సైడ్ అయిందన్నమాట. స్ఫటిక నిర్మాణాన్ని ఎక్స్‌రేలతో చూసే ఎక్స్ఆర్డీ పరీక్షలో ఈ రెండింటి శిఖరాలూ దాదాపు ఒకే చోట వస్తాయి, కాబట్టి "ఎక్స్ఆర్డీ చేశాం, మాగ్నెటైటే" అని థీసిస్‌లో ధీమాగా రాసేయకండి. వైవాలో అడుగుతారు. నీళ్లలోనే తడిగా దాచుకోండి.

ఆర్సెనిక్‌తో మొదలుపెట్టొద్దు. సోడియం ఆర్సెనైట్ ఎమ్మెస్సీ ల్యాబులో ఉండాల్సిన వస్తువు కాదు. ఫాస్ఫేటుతో మొదలుపెట్టండి. నేను పైన కవల సోదరుడన్నాను కదా, ఆర్సెనేట్ ఎలా పట్టుబడుతుందో ఫాస్ఫేటు చాలావరకు అలాగే పట్టుబడుతుంది. విషం కాదు, మాలిబ్డినం బ్లూ పద్ధతిలో మామూలు కలరీమీటర్‌తో కొలవొచ్చు. పీహెచ్ మారిస్తే ఎంత పట్టుకుంటోంది, అయస్కాంతం ఎన్ని నిమిషాల్లో తేట చేస్తోంది, తేటలో ఇనుము ఎంత మిగిలింది, పల్చటి కాస్టిక్ సోడా నీళ్లతో కడిగితే ఎంత విడుదలవుతోంది, ఐదోసారి వాడినప్పుడు ఎంత తగ్గింది. ఈ కొలతలు నిజాయితీగా వేస్తే చాలు, మీ ప్రాజెక్టు చాలా ప్రచురిత పేపర్ల కంటే గట్టిగా నిలబడుతుంది.

ఆ పట్టు చిక్కాక ఫ్లోరైడ్‌కు రండి. అప్పుడు కణానికి కొత్త గుంట అతికించాలి. మాగ్నెటైట్ మీద అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొర వేయొచ్చు. జిర్కోనియం, లాంథనం పొరలు వేసినవాళ్లూ ఉన్నారు, కానీ మీకు అల్యూమినియం చవక, లవణాలు సులువుగా దొరుకుతాయి. పొర మందమైన కొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువ పట్టుకుంటుంది, అయస్కాంతానికి మాత్రం నెమ్మదిగా వస్తుంది. ఆ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలన్నదే మీ పరిశోధన ప్రశ్న. తేటలో అల్యూమినియం మిగిలిందా అన్నదీ కొలిపించండి, నల్లగొండ పద్ధతి మీద ఉన్న పాత ఫిర్యాదుల్లో అదొకటి.

పీహెచ్‌డీ ఆలోచన ఉంటే ఒక మాట. పాత వార్త చూసి ఆ యూనివర్సిటీకే అప్లై చేసే పొరపాటు పిల్లలు తరచూ చేస్తుంటారు. కాల్విన్ గారు 2014లోనే బ్రౌన్ యూనివర్సిటీకి వెళ్లారు. వార్త పేజీ చూడగానే తేదీ చూడండి, తర్వాత ఆ మనుషులు ఇప్పుడు ఎక్కడున్నారో వెతకండి.

ఊరి నుంచి శాంపిల్ తెచ్చేటప్పుడు గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో రసాయనిక చర్య జరుపుతుంది. శుభ్రమైన పాలిథిన్ సీసా తీసుకెళ్లండి. బోరింగు ఐదు నిమిషాలు కొట్టి, మొదటి నీళ్లు పోనిచ్చి, అదే నీళ్లతో సీసాను మూడుసార్లు తొలిపి, అంచుదాకా నింపి మూత బిగించండి. సీసా మీద ఊరు, బోరు ఎక్కడుంది, తేదీ, టైము రాయండి. పీహెచ్ అక్కడికక్కడే చూసుకోండి. బస్సు దిగేసరికి అది మారిపోతుంది.